అంతములేని ఆటయు, ఆతురపడు పెద్దలును



గత వేసవిలో జరిగిన యౌవనుల కూటములో ఒక ప్రసంగీకుడు లేచి, కంప్యూటరులోను సెల్‌ఫోనులోను పిల్లలు ఆడు మాయాలోకపు ఆటలన్నియు సాతాను బలిపీఠములనియు, వాటిని ముట్టినవారు మంత్రవిద్య నేర్చుకొనుచున్నారనియు గట్టిగా చెప్పెను. పందిరి నిండ కూర్చున్న తలిదండ్రులు తలలూపిరి. వెనుక వరుసలోని పదిమంది కుఱ్ఱవాండ్రు మాత్రము ఒకరి ముఖమొకరు చూచుకొని నవ్వుకొనిరి. ఆ నవ్వు నన్ను బాధించినది. ఈయన ఆ ఆటను ఎన్నడును చూచి యెరుగడని వారికి మొదటి మాటలోనే తెలిసిపోయెను. అది తెలిసిన తరువాత ఆయన చెప్పిన తక్కిన నలువది నిమిషముల మాట వారి చెవిని చేరలేదు.

ఆ ప్రసంగమునకు విరోధముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఆటను వెనుకవేసికొని వచ్చుట నా ఉద్దేశము కాదు. నేరము లేనిచోట నేరము మోపి, ఉన్నచోట కన్ను మూసికొనుట వలన మన యిండ్లలో జరుగుచున్న నష్టమును చూచితిని గనుక వ్రాయుచున్నాను. ఆ నష్టమును చేసినవారిలో నేనును ఒకడను.

మొదట ఆ ఆట యేమిటో చెప్పవలెను. కబడ్డీకి ముగింపు కలదు, చదరంగమునకును కలదు. గెలిచినవాడు, ఓడినవాడు లేచి యింటికి పోవుదురు. నేను చెప్పుచున్న ఆటకు ముగింపు లేదు. కాలిఫోర్నియాలోని బ్లిజార్డ్ అను సంస్థ 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటను విడుదల చేసెను. ఆడువాడు తనకొక పేరు, రూపము, కులము, వృత్తి తానే యేర్పరచుకొని, అజెరాత్ అను కల్పిత లోకములో దిగును. అక్కడ అడవులు, మంచుకొండలు, పట్టణములు, సత్రములు కలవు. ఒంటరిగా తిరుగవచ్చును: అడవిపందులను కొట్టవచ్చును, మూలికలు ఏరవచ్చును, ఏటి ఒడ్డున గాలము వేసి చేపలు పట్టవచ్చును. (చెరువుగట్టున పెరిగిన నాకు ఇది వినినప్పుడు నవ్వు వచ్చినది. ఎముకలు లేని చేపలు!) లేదా ప్రపంచపు నలుమూలలనుండి వచ్చిన మనుష్యులతో గిల్డ్ అను జట్టు కట్టి, పదిమందియో ఇరువదియైదుగురో కూడి రాక్షసునిమీదికి పోవచ్చును. 2010లో ఈ ఆటకు చందాదారులు కోటి ఇరువది లక్షలని ఆ సంస్థ ప్రకటించెను. ఈనాటికిని అది నడచుచునే యున్నది.

ఇక సాతాను బలిపీఠమను మాట. ఇది క్రొత్త మాట కాదు. ఈ ఆటలన్నిటికిని తాత వంటిది డన్జన్స్ అండ్ డ్రాగన్స్. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు అమెరికనులు 1974లో ప్రకటించినది. అప్పుడు కంప్యూటరు లేదు. కాగితము, పెన్సిలు, పాచికలు, బల్లచుట్టు కూర్చున్న స్నేహితులు, అంతే. 1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుచున్న పదునారేండ్ల బాలుడు కనబడకుండ పోయెను. అతడు ఈ ఆట ఆడుచుండెడివాడని తెలియగానే, ఆట పిచ్చిలో విశ్వవిద్యాలయము క్రిందనున్న ఆవిరి సొరంగములలో దారితప్పెనని పత్రికలు గగ్గోలు పెట్టెను. నెల గడచిన తరువాత అతడు వేరొక రాష్ట్రములో దొరికెను. సొరంగములోనికి పోయిన మాట నిజమే. ఆటకొరకు కాదు, బ్రదుకు భారమై పోయెను. వయస్సుకు మించిన చదువు, తోడులేనితనము అతనిని క్రుంగదీసెను. మరుసటి యేడు అతడు మరణించెను. 1984లో జాక్ చిక్ అను అమెరికను తన బొమ్మల కరపత్రములలో ఒకదానిని ఈ ఆటను మంత్రవిద్యగా చూపుటకే వ్రాసెను. అట్టి కరపత్రములు విస్తారముగా పంచబడెను. నాకు దుఃఖము కలిగించునది ఇది: అందరును పాచికలను చూచిరి, బాలుని ఎవరును చూడలేదు.

రాక్షసులు, మాంత్రికులు ఉన్నంత మాత్రమున కథ అపవిత్రమగునని చెప్పువారు తమ యింటి అలమర తెరచి చూడవలెను. మన తాతలు అరిగిపోవునట్లు చదివిన యాత్రికుని ప్రయాణములో లేనిదేమి? 1678లో జాన్ బన్యన్ వెలువరించిన ఆ కథలో రాక్షసుడు కలడు, సింహములు కలవు, రెక్కలుగల భూతముతో కత్తియుద్ధము కలదు. ఒకడు మూట వీపున వేసికొని కల్పిత దేశములో బయలుదేరును. దారిలో తోడు దొరకును, తోడు పోవును. దానిని వేదిక నుండి పొగడుచు, పిల్లవాని తెరమీది రాక్షసుని చూచి జడియుట న్యాయమా? రెండును ఒకటేనని నేననుట లేదు. బన్యన్ కథకు చివర ఒక పట్టణపు గుమ్మము కలదు. తేడా అక్కడనే యున్నది, దానికి తరువాత వత్తును.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొనవలెను.

2009లో మా అక్క కుమారుడు ఇంజనీరింగు చదువునకై మా యింట ఉండెను. నాకప్పటికి నలువదేండ్లు నిండలేదు. సెమినరీలో నేర్చిన వాదములన్నియు నాలుక చివర ఉండెడివి. ఒకరాత్రి ఒంటిగంట దాటిన తరువాత మంచినీళ్లకు లేచి చూడగా వాని గదిలో వెలుగు కనబడెను. వాడు చెవులకు తగిలించుకొని, ఎవరితోనో ఇంగ్లీషులో మెల్లగా మాటలాడుచుండెను.

"ఏరా, పొద్దున్నే కాలేజీ లేదా?" అంటిని.

"పది నిమిషాలు మావయ్యా. ఇప్పుడు ఆపలేను."

"ఆపలేని ఆట ఏమాటరా!" అని గోడలోని తీగ పెరికితిని. తెర నల్లబడెను. వాడు కేకవేయలేదు. ఆ నల్లని తెరనే చూచుచు, "ఇరవై నాలుగు మంది చచ్చిపోయారు మావయ్యా" అనెను.

వీనికి మతి చెడినదనుకొంటిని. మరునాడే ఇంటర్నెట్ కనెక్షను తీసివేయించితిని. వాడు పదునొకండు దినములు నాతో మాటలాడలేదు. ప్రార్థనకు వచ్చెను, భోజనమునకు వచ్చెను, తల యెత్తలేదు. పండ్రెండవ దినమున నా భార్య పప్పు వడ్డించుచు మామూలుగా, "ఆ ఇరవైనాలుగు మంది ఎవరు నాయనా?" అని అడిగెను. ఆ ప్రశ్న నేను అడిగి యుండవలసినది.

వాడు చెప్పసాగెను. ఇంగ్లండులో ఒక నర్సు, పోలండులో ఒక లారీ డ్రైవరు, తండ్రీకొడుకులు ఇద్దరు, దుబాయిలో పని చేయు మన కరీంనగరపు అబ్బాయి. ఐరోపావారికి రాత్రి ఎనిమిది గంటలైనప్పుడు చలికాలములో మనకు పండ్రెండున్నర. అందుచేతనే ఆ వేళ. (పైగా మా యింటి ఇంటర్నెట్ పథకములో రాత్రి రెండు దాటిన పిమ్మట వాడకమునకు లెక్క లేదు. రాత్రులు మేలుకొనవద్దని పిల్లలకు చెప్పుదుము, రాత్రికి తక్కువ ధర కట్టుదుము.) ఆ జట్టులో వీని వృత్తి యేమనుకొన్నారు? ప్రీస్టు. అనగా యాజకుడు. కత్తి పట్టువాడు కాడు. ముందు నిలిచి పోరాడువారి గాయములను వెనుక నుండి మాన్పువాడు. వాడు మాయమైన అరనిమిషమునకు జట్టంతయు కూలిపోవును. మూడు గంటలు శ్రమించి చివరి ఘట్టమునకు వచ్చిన వేళ నేను పెరికినది ఆ తీగ. "వాళ్లు నన్ను నమ్ముకొన్నారు మావయ్యా" అనెను. సంఘ కాపరి యింటిలో పెరిగిన పిల్లవాడు మాట తప్పినవాడాయెను, మాట తప్పించినది కాపరియే.

ఇది చదివి, "అయ్యగారు మెత్తబడినారు, ఆటలో ఉన్నవి నిజమైన స్నేహములా?" అని కొందరనుకొందురు. వారికి నార్వే దేశములో జరిగిన సంగతి చెప్పెదను. మట్స్ స్టీన్ అను యువకుడు కండరములు క్షీణించు డుషెన్ వ్యాధితో పుట్టి, చక్రముల కుర్చీలోనే పెరిగి, తన జీవితపు చివరి సంవత్సరములలో ఎక్కువ భాగము ఈ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ముందే గడిపెను. 2014 నవంబరులో ఇరువదియైదవ యేట మరణించెను. తమ బిడ్డ స్నేహమెరుగక, ప్రేమ యెరుగక, ఎవనికిని ఉపయోగపడక పోయెనని తలిదండ్రులు ఏడ్చిరి. అతడు వ్రాయుచుండిన బ్లాగులో తండ్రి మరణవార్త పెట్టగా, తామెన్నడును విననివారి యొద్దనుండి ఉత్తరములు రాసాగెను. స్టార్‌లైట్ అను జట్టువారు వ్రాసిరి. కొందరు దేశములు దాటి భూస్థాపనకు వచ్చిరి. నెదర్లాండ్సులో ఒక బాలిక తలిదండ్రులు, చదువు పాడగుచున్నదని ఆమె కంప్యూటరును తీసికొనగా, ఈ మట్స్ ఆ తలిదండ్రులకు ఒక ఉత్తరము వ్రాసి, తమ స్నేహము ఆమెకు ఎంత ఆధారమో మర్యాదగా తెలియజేసెను. వ్రేళ్లు తప్ప తక్కిన దేహము స్వాధీనములో లేనివాడు! ఈ సంగతులన్నియు ది రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్ అను చిత్రముగా 2024లో వచ్చినవి. అందులో అతనిని పరిశుద్ధునిగా చూపలేదు. స్నేహితులను నొప్పించిన సందర్భములును చూపిరి. అందువలననే నేను నమ్ముచున్నాను.

ఆ తలిదండ్రులు దుష్టులు కారు. ప్రేమించిరి, సేవచేసిరి. అయినను ప్రక్క గదిలో తమ కుమారుడు ఎవరికి ఓదార్పుగా ఉండెనో పాతిపెట్టిన తరువాత గాని వారికి తెలియలేదు. మనలో ఎందరము ఆ ప్రక్క గదిలోనికి పోయి కూర్చుంటిమి?

ఇంత చెప్పినందున ఆటవారికి నేను వకీలును కాను. "ఆటలో చేసినది ఆటయే, దానికి పాపపుణ్యములేమి?" అను కుఱ్ఱవానికిని నా జవాబు కలదు. 2005 సెప్టెంబరులో ఆ లోకములోనే ఒక తెగులు పుట్టెను. ఒక రాక్షసుని గుహలో మాత్రము తగులునట్లు చేసిన రక్తవ్యాధి, వేటగాండ్ర పెంపుడు జంతువుల ద్వారా బయటి పట్టణములలోనికి పాకి వీధులనిండ ఎముకలు పడెను. అప్పుడు కొందరు పరుగెత్తి వచ్చి అన్యులకు వైద్యము చేసిరి. కొందరు ఊరు విడిచి పారిపోయిరి. కొందరు కావలెననియే తెగులుతో సంతలోనికి వచ్చి నిలిచి, ఎరుగనివారికి అంటించి నవ్విరి. సంస్థవారు యంత్రములనే మొదటి స్థితికి త్రిప్పవలసి వచ్చెను. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అను శాస్త్రజ్ఞులు దీనినిగూర్చి 2007లో లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ అను వైద్యపత్రికలో వ్రాసిరి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మన వీధులలో ఈ మూడు తెగలవారిని మనము చూడలేదా? ముసుగు వేసికొన్నంత మాత్రమున హృదయము మారదు. ఆటలో అంటించి నవ్వినవాడు తాను ఎవడో ఒకసారి ఆలోచించుకొనవలెను.

అయితే అసలు నేరము ఆడువానిది కాదు, ఆటను అల్లినవాని లెక్కలలో నున్నది. బలిపీఠమని అరచిన ప్రసంగీకుడు దానిని తాకనైన తాకలేదు. మొదటిది, ఆ ముగింపు లేకపోవుట. ఈ వారము చంపిన రాక్షసుడు వచ్చేవారము మరల బ్రదికి కూర్చుండును; వాని యొద్ద దొరకవలసిన కవచము దొరకువరకు మరల పోవలెను; అది దొరికిన తరువాత క్రొత్త ఖండము, క్రొత్త రాక్షసుడు. ఆట సిద్ధమగుచున్న దినములలో, ఎక్కువసేపు ఆడినవానికి ఫలము సగమగునట్లు మొదట ఏర్పాటు చేసిరి. ఆడువారు సణిగిరి. అప్పుడు లెక్కను అట్లే యుంచి పేరు మార్చిరి: సత్రములో విశ్రమించి వచ్చినవానికి కొంతసేపు రెట్టింపు ఫలము, తరువాత మామూలు ఫలము. సణుగుడు నిలిచిపోయెను! మనుష్యుని మనస్సు ఏ వైపు వంగునో మనకంటె వారికే బాగుగా తెలిసినది.

ఒంటరిగా ఆడువానికి ఈ గాలము లోతుగా దిగును. జట్టులోనైతే, "రేపు పరీక్ష కదా, పోయి పడుకో" అనుటకు ఒక నర్సైన ఉండును. ఒంటరివానికి చెప్పువాడు లేడు. ఇంకొక పని, ఇంకొక మూలిక, తెర అడుగున పెరుగుచున్న గీత. మా మేనల్లుడే అనెను, జట్టుతో ఆడిన రాత్రులు గుర్తున్నవి గాని, ఒంటరిగా ఆడిన నెలలు ఎటు పోయెనో తెలియదని. జట్టునకును దాని కీడు దానికున్నది. నమ్ముకొన్నవారిని విడువరాదను మంచి గుణమునే త్రాడుగా పేని, జ్వరము వచ్చిన రాత్రియు కూర్చుండబెట్టును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ఆట వ్యసనమును చేర్చినది; ఆడు ప్రతివానిని రోగి అనలేదు. ఆటమీద అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికి మించి దానికే చోటిచ్చుట, హాని కలిగినను మానలేకపోవుట, ఇది సాధారణముగా ఏడాదిపాటు సాగుట, ఇవి దాని గురుతులు. తలిదండ్రులారా, ఈ కొలతతో చూడుడి, అనుమానముతో కాదు.

రెండవ నేరము చీట్లు. మన గ్రామములలో పిల్లలకు కంప్యూటరు లేదు, సెల్‌ఫోను కలదు. దానిలో వచ్చు మాయాలోకపు ఆటలు చందా అడుగవు, ఉచితమనును. 2020 సెప్టెంబరులో చైనావారు విడుదల చేసిన గెన్‌షిన్ ఇంపాక్ట్ అట్టిది. ఒంటరిగా ఆడవచ్చును, నలుగురు కూడి ఆడవచ్చును, కొండలు, సముద్రములు, ఆకాశము బహు సుందరముగా నుండును. ఆ మాట దాచను. అయితే అందులో మేలైన వీరుడు కావలెనన్న డబ్బుతో కొనదగిన రాళ్లను ఖర్చుచేసి చీటి తీయవలెను. ఆ పై తరగతి వీరుడు ఒక్క చీటిలో దొరకు పాలు నూటికి 0.6 మాత్రమే, అనగా వేయి చీట్లకు ఆరు. ఏమియు దొరకనివానికి తొంబదియవ చీటికి తప్పక దొరకునని ఒక ఊరట. తొంబది చీట్లు! 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషను దీనిమీద వ్యాజ్యము నడపి, రెండుకోట్ల డాలర్లు చెల్లించుటకును, పదునారేండ్లలోపు పిల్లలకు తలిదండ్రుల సమ్మతి లేక ఈ పెట్టెలు అమ్మకుండుటకును ఆ సంస్థను ఒప్పించెను. లాటరీ టిక్కెట్టు కొన్నవానిని సంఘములో నిలదీయు పెద్దలారా, మీ జేబులోని ఫోనునకు బ్యాంకు ఖాతా కలిపి, దాని రహస్య అంకెలు పిల్లవానికి చెప్పి, ఆ ఫోనును వానికే యిచ్చి, వాడు చూచు భూతమునకు మాత్రము భయపడుచున్నారు. భూతము బొమ్మ. చీటి నిజము.

మరియొక మాట, ఇది పెద్దలకు చేదుగా నుండును. మా మేనల్లుడు ఒక రాత్రి రాకపోయిన యెడల ఇరువదినలుగురు, "ఏమైనాడు?" అని అడుగుదురు. వాడు మా యౌవనుల కూటమునకు వరుసగా మూడు ఆదివారములు రాలేదు. అడిగినవారెవరు? హాజరు పుస్తకములో సున్న చుట్టితిమి. అక్కడ వానికొక పని కలదు, అది వాడు తప్ప మరియొకడు చేయలేడు. ఇక్కడ చాపలు పరచుటకు, మైకు తెచ్చుటకు పిలుతుము. పదునేడేండ్లవాడు ఎక్కడికి పరుగెత్తునో ఆశ్చర్యపడనేల?

ఆ దినమున ప్రసంగము ముగిసి భోజనములు వడ్డించుచుండగా నేను ఆ వెనుక వరుసవారిని వెదకుచు పోతిని. చింతచెట్టు క్రింద గుంపుగా నుండిరి. నన్ను చూచి ఫోనులు జేబులలో దాచిరి. "ఏ ఆటరా? నాకూ చూపండి" అంటిని. చాలసేపు ఎవడును పలుకలేదు. చివరకు బక్కపలుచని ఒకడు, "అయ్యగారూ, మీరే పట్టుకోండి" అని తన ఫోను నా చేతిలో పెట్టెను. నా బొటనవ్రేళ్లు మాట వినలేదు. ముమ్మారు కొండమీదనుండి పడితిని. పిల్లలు నవ్విరి, ఈ నవ్వు పందిరిలోని నవ్వు కాదు. చీటీలు ఎక్కడ తీయుదురో అడుగగా చూపిరి. వేయికి ఆరను లెక్క ఇసుకమీద వ్రేలితో వ్రాసి చూపితిని, వారిలో ఇద్దరు ఎరుగరు. వచ్చే శనివారము రాత్రి మా యింటి వరండాలో కూడుదమని వారే అనిరి. తొమ్మిదింటికి ఆపవలెనని నేను, పదకొండని వారు. పది అని నా భార్య. ఇంకను తేలలేదు.